ఆముదం ఏ డబ్బాలో ఉంది?

ప్రశ్న: మా తాతగారు రంగూన్‌లో మోటారు షెడ్డులో పనిచేసి వచ్చారు. ఆయన ట్రంకుపెట్టెలో ‘వేక్‌ఫీల్డ్ కాస్ట్రాల్ ఆర్’ అని ఇంగ్లీషులో రాసి ఉన్న రేకు డబ్బా, ‘కాస్టోరియా’ అనే అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న చిన్న గాజు సీసా దొరికాయి. సీసాలోది ఆముదమనీ, డబ్బాలోది మామూలు ఇంజనాయిలనీ ఇంట్లో అంటున్నారు. నిజమేనా? డబ్బాను చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ ఇంట్లో అనుకుంటున్నది పూర్తిగా తారుమారుగా ఉంది. ఆముదం ఉన్నది రేసు కార్ల నూనె డబ్బాలోనే. మందు సీసాలో దాని చుక్క కూడా లేదు.

అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన శామ్యూల్ పిచర్ 1868లో పేటెంటు పొందిన విరేచనకారి కాస్టోరియా. ఆముదం తాగమంటే పేచీ పెట్టే పిల్లల కోసమే దానిని తయారుచేశారు. అందులో ప్రధానమైనది మనకు తెలిసిన సునాముఖి. పేటెంటు తీసుకుంటే మందులో ఏమేమి కలుపుతారో బయటపెట్టవలసి వస్తుందని ఆ కాలపు ‘పేటెంటు మందుల’ వ్యాపారులలో చాలామంది అసలు పేటెంటే తీసుకోలేదు కనుక, ఆ పేరుకు నిజంగా తగిన కొద్ది మందులలో ఇదొకటి. పిల్లల ఏడుపు మాన్పే సిరప్పులు కొన్నింటిలో మార్ఫిన్ ఉండేది. ఆల్కహాలు, నల్లమందు వంటివి ఉంటే చీటీపై ప్రకటించాలని అమెరికా చట్టం చేసింది 1906లో మాత్రమే. అందుచేత ఏ పాత సీసాలో ఏది మిగిలి ఉన్నా వాసన చూడవద్దు, రుచి అసలే చూడవద్దు.

ఇక డబ్బా సంగతి. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన కంపెనీ, ఆముదం కలిపిన ఇంజను నూనెను 1909లో కాస్ట్రాల్ పేరుతో విడుదల చేసింది. ‘ఆర్’ రకం ప్రత్యేకించి రేసుల కోసం. ఇంజను బాగా వేడెక్కినా ఆముదం లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది, పెట్రోలులో అంత సులువుగా కలిసిపోదు. అయితే నిలవ ఉంటే బంకలా గడ్డకడుతుంది కనుక, రేసు ముగిశాక ఇంజను విప్పి శుభ్రం చేయవలసి వచ్చేది. ఇంగ్లండ్‌లో 1907లో తెరచిన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ కాలపు కార్ల అభిమానులు కాలిన ఆముదం వాసనను నేటికీ అత్తరులా తలచుకుంటారు. ఆముదం తాగించబోతే ఇల్లు వదిలి పారిపోయిన మన తరం వారికి అది వింతగానే తోస్తుంది.

కాలం విషయానికి వస్తే, కంపెనీ 1960లో వేక్‌ఫీల్డ్ పేరు వదులుకున్నది కాబట్టి డబ్బా అంతకు ముందుదే. సీసా పక్కన అచ్చు అతుకు వదిలిన గీతను వేలితో తడిమి చూడండి. అది మెడ దగ్గరే ఆగిపోతే సీసా మూతిని చేతితో తీర్చారన్నమాట, మూతి అంచు దాకా సాగితే అది 1903లో వచ్చిన ఆటోమేటిక్ సీసా యంత్రాల తరువాతిది.

చింతపండు మాత్రం వద్దు. పులుపు తుప్పుతో పాటు రంగునూ, అక్షరాలనూ తినేస్తుంది. పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. లోపల గడ్డకట్టిన బంకను తీయవద్దు, అందులో ఆముదం ఉందనడానికి అదే రుజువు. కోనసీమ తేమకు రేకు త్వరగా చిల్లులు పడుతుంది కనుక గోడకు ఆనించకుండా, సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత ఉన్న పెట్టెలో ఉంచి, వర్షాకాలంలో పొట్లాలు మార్చండి. తాతగారు రంగూన్‌లో ఏ షెడ్డులో, ఏ సంవత్సరాలలో పనిచేశారో పెద్దలను అడిగి పెన్సిలుతో రాసి అందులోనే పెట్టండి. సిరా అయితే చెమ్మకు అలుక్కుపోతుంది.