ఇంగ్లాండ్ చర్చి జనరల్ సినడ్‌కి లే మెంబర్‌గా నిలబడాలా? నా అనుభవం చెబుతాను

సిస్టర్, వందనాలు.

ఇంగ్లాండ్ వచ్చి పన్నెండేళ్ళయిందనీ, 2026 ఎన్నికల్లో ఇంగ్లాండ్ చర్చికి చట్టాలు చేసే జనరల్ సినడ్‌కి లే మెంబర్‌గా, అంటే పాస్టర్ కాని సామాన్య విశ్వాసుల ప్రతినిధిగా, నిలబడమని మీ చర్చి పాస్టర్ అయిన వికార్‌గారు పట్టుబట్టారనీ రాశారు. వేదాంతం చదవలేదు, యాస వేరు, సెలవులు దొరకవు, నా ఒక్కదాని వల్ల ఏమవుతుంది అని అడిగారు. 2021లో మా వికార్‌గారు నన్ను అడిగినప్పుడు నేనూ ఇవే చెప్పి తప్పించుకోబోయాను. నేను నర్సుని. నైట్ డ్యూటీ దిగి చర్చికి వచ్చి, వెనక వరుసలో కూర్చుని వెళ్ళిపోయే మనిషిని. ఆయన వదల్లేదు. నిలబడ్డాను, గెలిచాను.

అక్కడ లే మెంబర్ పని ముప్పాతిక మువ్వీసం వినడమే. మిగిలింది ఓటు వేయడం. మైకు ముందు మాట్లాడేది చాలా తక్కువ. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి ఏడాది అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెబుతాను. జనరల్ సినడ్ 1970లో ఏర్పడింది. బిషప్పుల సభ, పాస్టర్ల సభ, మనలాంటి సామాన్య విశ్వాసుల సభ, ఇలా మూడు సభలు. సుమారు 480 మందిమి ఒకే హాల్లో కలిసి కూర్చుంటాం. పెద్ద విషయాలు వచ్చినప్పుడు మాత్రం మూడు సభల ఓట్లూ విడివిడిగా లెక్కపెడతారు. ఏ ఒక్క సభలో ఓడినా ఆ తీర్మానం పోయినట్టే. కొన్నిటికి ప్రతి సభలోనూ మూడింట రెండు వంతులు రావాలి. 2012 నవంబరులో స్త్రీలు బిషప్పులు కావడానికి వీలు కల్పించే చట్టం ఓటుకి వచ్చింది. బిషప్పుల సభలో 44-3, పాస్టర్ల సభలో 148-45. మన సభలో 132 మంది అవునన్నారు, 74 మంది కాదన్నారు. మన సభలో మూడింట రెండు వంతులు రాక ఓడిపోయింది. ఆ 74 మందిలో ఆరుగురు ఇటు వేసి ఉంటే నెగ్గేది. ఆరుగురంటే ఒక కారులో పట్టరు, అంతే! ఆ మరుసటి ఏడాదే, 2013లో, మన నంద్యాలలో పుష్పలలితగారు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో మొదటి మహిళా బిషప్ అయ్యారు. ఇంగ్లాండ్ చర్చి 2014 జులై దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు యార్క్‌లో మన సభ 152-45తో అవునంది. 1992లో స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం ఇచ్చే ఓటు కూడా మన సభలోనే చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కింది, 169-82. రెండు ఓట్లు అటు పడి ఉంటే పోయేది. ఒక్కదాని వల్ల ఏమవుతుంది అనుకున్నప్పుడల్లా నేను ఈ అంకెలు గుర్తు చేసుకుంటాను.

ఎన్నిక సంగతి. చర్చికి వచ్చేవాళ్ళందరూ ఇందులో ఓటు వేయరు. మీ డయాసిస్‌లోని (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలోని) డీనరీ సినడ్‌లలో, అంటే చుట్టుపక్కల చర్చిల ఉమ్మడి సభల్లో, ఉన్న లే మెంబర్లే ఓటర్లు. నిలబడడానికి మీరు డీనరీ సినడ్‌లో ఉండనక్కర్లేదు. 18 ఏళ్ళు నిండి, చర్చి ఎలక్టోరల్ రోల్‌లో (ఓటర్ల జాబితాలో) పేరు ఉండి, ప్రభు బల్లలో పాలు పొందుతూ ఉంటే చాలు. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు కావాలి. ఓటర్లు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని వరుస ఇస్తారు. కాబట్టి మీకు మొదటి ఓటు ఇవ్వరని ఖాయంగా తెలిసినవాళ్ళ దగ్గరికీ వెళ్ళి మాట్లాడండి. నేను గట్టెక్కింది రెండో ఓటు, మూడో ఓటు ఇచ్చినవాళ్ళ వల్లే.

ఓటర్లకు పంపే పరిచయ పత్రం మొదట పెద్ద పెద్ద మాటలతో రాశాను. మా వికార్‌గారు చదివి, "అంతా బాగుంది, ఇందులో నువ్వెక్కడ?" అన్నారు. అది పక్కన పడేసి, వార్డులో రాత్రిపూట రోగులు దేవుడి గురించి నన్ను ఏమడుగుతారో, అప్పుడు చర్చి ఎక్కడ ఉంటే బాగుండు అనిపిస్తుందో రాశాను. తర్వాత నాకు ఫోన్ చేసినవాళ్ళందరూ ఆ పేరా గురించే మాట్లాడారు.

కొత్త సినడ్ 2021 నవంబరులో లండన్‌లో మొదలైంది. పొద్దున వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆరాధన, తర్వాత పక్కనే ఉన్న చర్చ్ హౌస్‌లో సభ. రాణీగారు రాలేకపోయారు, ఆవిడ సందేశం ప్రిన్స్ ఎడ్వర్డ్ చదివారు. ఆ హాలు గుండ్రంగా ఉంటుంది. 1946 జనవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి మొట్టమొదటిసారి సమావేశమైన భవనం అది. నా కాళ్ళు వణికాయి. కానీ ప్రార్థన మొదలవగానే సర్దుకున్నాను. నేను పెరిగింది సీఎస్ఐలో. 1947లో కలిసి సీఎస్ఐ అయిన సంఘాల్లో ఆంగ్లికన్ సంఘం ఒకటి కదా, ఆ ఒప్పుకోలు ప్రార్థన, ఆ జవాబులు చిన్నప్పుడు తెలుగులో కంఠతా వచ్చినవే. పెదవులు ఇంగ్లీషులో కదులుతున్నా లోపల తెలుగే నడిచింది.

మామూలుగా ఫిబ్రవరిలో లండన్, జులైలో యార్క్ యూనివర్సిటీ, అవసరమైతే నవంబరులో ఇంకోసారి. సమావేశానికి ముందు కాగితాలు వస్తాయి, ఒక్కో పత్రానికి జీఎస్ (జనరల్ సినడ్) అని ఒక నెంబరు. మొదటిసారి అన్నీ అక్షరం వదలకుండా చదవబోయి ఓడిపోయాను. ఇప్పుడు ముందు తీర్మానం ఒక్కటీ చదువుతాను. తర్వాత ఖర్చు ఎంత, ఎవరు భరిస్తారు అన్నది వెతుకుతాను. ఆ తర్వాతే మిగతాది. సందేహం ఉంటే ముందుగా రాసి పంపే ప్రశ్నల పద్ధతి ఉంది. జవాబు అచ్చులో వస్తుంది, దాని మీద సభలో అనుబంధ ప్రశ్న అడగవచ్చు. భయస్తులకు మొదటి మెట్టుగా ఇది చాలా మంచిది. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

మాట్లాడాలంటే ముందుగా పేరు ఇవ్వాలి, సభలో లేచి నిలబడాలి, చైర్‌లో ఉన్నవారు పిలవాలి. పిలవకపోతే కూర్చోవాలి. 2022 జులైలో యార్క్‌లో, మరణించడానికి వైద్య సహాయం గురించి చర్చ జరిగింది. ఉన్న చట్టాన్ని మార్చవద్దనీ, చివరి దశ రోగుల సంరక్షణకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలనీ తీర్మానం. నర్సుగా ఇది నా విషయం అనుకున్నాను. అయిదు నిమిషాల ప్రసంగం రాసుకున్నాను. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చేతిలో కాగితం చెమటకి మెత్తబడింది. పిలుపు రాలేదు. మొదట ఏడుపొచ్చింది. కానీ మిగతావాళ్ళు చెప్పింది వింటుంటే నేను రాసుకున్నదాంట్లో ముఖ్యమైన మాటలన్నీ ఒక్కొక్కటిగా వేరేవాళ్ళ నోటి నుంచి వచ్చేశాయి. తీర్మానానికి వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ళు తమ ఇంట్లోవాళ్ళు ఎలా పోయారో చెప్పారు. నేను వార్డులో చూసిన ముఖాలే అవి. ఓటు వేసేటప్పుడు, రాసుకుని వచ్చినదానికంటే చాలా ఎక్కువ తెలిసి వేశాను. పిలిచి ఉంటే నా వంతు ఎప్పుడా అన్న ధ్యాసలో అందులో సగం కూడా నా చెవిన పడేది కాదు.

యార్క్‌లో విద్యార్థుల గదుల్లోనే ఉంటాం. ఇరుకు మంచం, కారిడార్ చివర అందరికీ ఒకటే వంటిల్లు, పొద్దున్నే చెరువు దగ్గర బాతుల అరుపులు. నా సినడ్ చదువు సగం ఆ వంటింట్లోనే జరిగింది. పగలు సభలో నా ఓటుకి ఎదురు ఓటు వేసిన పెద్దావిడ రాత్రి పదకొండింటికి కెటిల్ పెట్టి, "నీకూ పోయనా?" అని అడిగేది. ఆవిడ అలా ఎందుకు నమ్ముతోందో టీ చల్లారేదాకా చెప్పేది. నేను మారలేదు, ఆవిడా మారలేదు. కానీ ఆవిడ వాదనని ఎవరైనా వెటకారం చేస్తే ఇప్పుడు నేను ఊరుకోను. ఆదివారం మాత్రం అందరం యార్క్ మినిస్టర్‌లో ఒకే బల్ల దగ్గర మోకరిస్తాం.

2023 ఫిబ్రవరి సంగతి దాటవేయను, మీరు ఎలాగూ అడుగుతారు. స్వలింగ జంటల కోసం చర్చిలో ఆశీర్వాద ప్రార్థనలు వాడవచ్చా అన్న చర్చ రెండు రోజులు సాగింది. సవరణ మీద సవరణ. ప్రతిపాదించినవారు ఒప్పుకోని సవరణ చర్చకు రావాలంటే 25 మంది లేచి నిలబడాలి. ఆ రెండు రోజులూ నిలబడేవాళ్ళు నిలబడుతూనే ఉన్నారు. చివరికి బిషప్పులు 36-4, పాస్టర్లు 111-85, మన సభ 103-92. ఆ తీర్మానం మంచిచెడ్డలు ఇక్కడ వాదించను. నా ఓటు రికార్డులో ఉంది. మీరు తెలుసుకోవాల్సింది కూడా అదే: హ్యాండ్‌సెట్ మీద మీట నొక్కితే మీ ఓటు మీ పేరుతో సహా బయటికి వస్తుంది. మన తెలుగు ఫెలోషిప్‌లో ఇష్టపడనివాళ్ళు ఫోన్ చేస్తారు. నాకు చేశారు, ఇద్దరు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. ఆ రోజు నాకు ఒకవైపు కూర్చున్నతను ఆనందంతో ఏడుస్తున్నాడు, రెండోవైపు ఆవిడ దుఃఖంతో ఏడుస్తోంది. నేను ఇద్దరి చేతులూ పట్టుకుని కూర్చున్నాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

అంతకంటే బరువైనది ఇంకోటి ఉంది. జాన్ స్మైత్ అనే అతను అబ్బాయిల మీద చేసిన అఘాయిత్యాలను చర్చి ఎలా పట్టించుకోలేదో చెప్పే మేకిన్ నివేదిక 2024 నవంబరులో వచ్చాక కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. మరుసటి ఫిబ్రవరిలో, చర్చిలో పిల్లల రక్షణ పనిని ఎంతవరకు స్వతంత్ర సంస్థకి అప్పగించాలన్నది మా ముందుకి వచ్చింది. దెబ్బతిన్నవాళ్ళు వింటున్నారని తెలిసి మాట్లాడాలి, తెలిసి ఓటు వేయాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సినడ్‌కి వెళితే ఇలాంటి రాత్రులు ఉంటాయి, దాచడం ఎందుకు.

మనం ఆమోదించిన చట్టం అక్కడితో అయిపోదని కూడా తెలుసుకోండి. పార్లమెంటులో చర్చి చట్టాలు చూసే ఎక్లీజియాస్టికల్ కమిటీకి వెళ్ళి, రెండు సభలూ ఒప్పుకుని, రాజుగారి ఆమోదం పొందాలి. పార్లమెంటు దాన్ని మార్చడానికి వీల్లేదు, ఒప్పుకోవచ్చు లేదా తిప్పి కొట్టవచ్చు. 1927లోనూ 1928లోనూ కొత్త ప్రార్థనా గ్రంథాన్ని కామన్స్ సభ అలాగే తిప్పి కొట్టింది.

ఇక మీ భయాలు. వేదాంతం చదివినవాళ్ళు అక్కడ కావలసినంత మంది ఉన్నారు. నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు, రెండు భాషల్లో ప్రార్థించేవాళ్ళే తక్కువ. జాతి వివక్ష మీద 2021లో వచ్చిన ఇంగ్లాండ్ చర్చి టాస్క్‌ఫోర్స్ నివేదికలో 47 సిఫార్సులు ఉన్నాయి, నామినేషన్ వేసేముందు అది ఒక్కసారి చదవండి. సెలవుల విషయం నిజంగా కష్టమే. జీతం ఉండదు, ప్రయాణం, బస ఖర్చులు మాత్రం తిరిగి ఇస్తారు. నేను సంవత్సరం మొదట్లోనే తేదీలు మా సిస్టర్ ఇన్‌చార్జ్‌కి ఇచ్చి, క్రిస్మస్ డ్యూటీలు నేను తీసుకుని, జులై రోజులు మార్చుకునేదాన్ని. పిల్లలు చిన్నవాళ్ళయితే ఇంట్లో ముందే మాట్లాడుకోండి. యార్క్‌లో ఉండే ఆ అయిదు రోజులూ ఫోన్ ఎత్తడం కూడా కుదరదు.

యాస గురించి. నేను మొదటిసారి మాట్లాడింది రెండో ఏడాదిలో. ఆ మధ్యాహ్నం చైర్‌లో కూర్చోబోయే ఆయన భోజనాల దగ్గర నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీ ఇంటిపేరు ఎలా పలకాలి?" అని అడిగారు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. నేను విడదీసి చెప్పిన అక్షరాలు దాని మీద రాసుకుని మూడుసార్లు పలికి చూసుకున్నారు. సభలో పిలిచినప్పుడు ఒత్తు కూడా తప్పలేదు. అప్పటికి ప్రసంగం గడువు అయిదు నిమిషాల నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి తగ్గించేశారు. లేచి నా పేరు, డయాసిస్, సభ్యత్వ నెంబరు చెప్పి, రాసుకున్నదంతా వదిలేసి ఒక్క రోగి సంగతి చెప్పాను. ఎర్ర లైటు వెలిగేలోపే అయిపోయింది. అర్థం కాలేదని ఎవరూ అనలేదు. అందుకే మీరు కూడా ఏం రాసుకున్నా రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా రాసుకోండి.

నామినేషన్ల తేదీలు డయాసిస్ ఆఫీసులో కనుక్కోండి. మీ వికార్‌గారికి ఈ ఆదివారమే జవాబు చెప్పేయండి, ఎందుకంటే బలపరిచే మనిషిని వెతకడానికి అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ పడుతుంది. పరిచయ పత్రం రాశాక నాకు పంపితే డ్యూటీ లేని రోజు కూర్చుని చదివి చెబుతాను.