6.5-06 వేట రైఫిల్: కేస్‌లు ఎలా తయారు చేసుకున్నాను, స్కోప్ ఎందుకు మార్చాను

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. గన్‌స్మిత్ చేత 6.5-06 వేట రైఫిల్ చేయించుకుంటున్నారు, అడుగున ఆ పేరు ముద్ర ఉన్న కేస్‌లు (బుల్లెట్‌నూ పౌడర్‌నూ పట్టుకునే ఇత్తడి గొట్టాలు) దొరకడం లేదు, 30-06 అనే మరో క్యాలిబర్ కేస్‌ల మూతిని కుదించి వాడవచ్చా అన్నది ఒకటి. దాని మీద 6-24x50 స్కోప్ (జూమ్ 6 నుంచి 24 రెట్లు, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) పెడితే బాగుంటుందా అన్నది రెండోది. నేను తొమ్మిదేళ్లుగా ఇదే క్యాలిబర్ వాడుతున్నాను. రెండు విషయాల్లోనూ మీరు అనుకుంటున్నదే నేనూ మొదట చేశాను. కేస్‌లు కుదించవచ్చు, కానీ 25-06 కేస్‌లు దొరికితే వాటితోనే మొదలుపెట్టండి. ఆ స్కోప్ మాత్రం వద్దు. సొంతంగా తూటాలు నింపుకోవడానికి మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందన్న నమ్మకంతో మిగతాది రాస్తున్నాను.

డై (కేస్‌ను నొక్కి ఆకారం తెచ్చే అచ్చు) కొనకముందే, కేస్‌లు కొనకముందే గన్‌స్మిత్‌ను ఒక్క అంకె అడగండి: చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, నెక్ (కేస్‌లో బుల్లెట్‌ను పట్టుకునే మెడ భాగం) దగ్గర వ్యాసం ఎంత? రీమర్ (చాంబర్‌ను తొలిచే పనిముట్టు) డ్రాయింగ్ ఇస్తే ఇంకా మంచిది. ఇది చాలా ఏళ్లు వైల్డ్‌క్యాట్‌గా, అంటే ప్రామాణిక కొలతలు లేకుండా, తిరిగిన క్యాలిబర్, కాబట్టి రీమర్లు అన్నీ ఒకేలా ఉండవు. నా చాంబర్ నెక్ 0.297 అంగుళాలు. బుల్లెట్ వ్యాసం 0.264. నెక్ గోడ మందం 0.015 ఉంటే రెండు వైపులా కలిపి 0.030, మొత్తం 0.294. అంటే కాల్చినప్పుడు నెక్ విచ్చుకుని బుల్లెట్‌ను వదలడానికి అంగుళంలో వెయ్యింట మూడు వంతుల ఖాళీ ఉంది. అది చాలు.

ఇప్పుడు 30-06 కేస్‌ను కుదించారనుకోండి. లోహం ఎక్కడికీ పోదు కదా, నెక్ ఇరుకయ్యే కొద్దీ గోడ మందమవుతుంది. నేను మొదటి దఫా చేసిన వాటిలో గోడ 0.0175 వచ్చింది. లెక్క కడితే 0.299, చాంబర్ కంటే పెద్దది! అలాంటి తూటా పెట్టి బోల్ట్‌ను బలవంతంగా మూస్తే బుల్లెట్‌ను వదలడానికి నెక్‌కు చోటుండదు, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. నా అదృష్టం, కాల్చకముందే కాలిపర్‌తో కొలిచాను. మొత్తం యాభై కేస్‌ల నెక్ బయటివైపు టర్నింగ్ టూల్‌తో చెక్కుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. మీరు ఏ కేస్‌తో చేసినా కాల్చిన తర్వాత ఈ పరీక్ష చేయండి: ఖాళీ కేస్ నెక్‌లోకి కొత్త బుల్లెట్‌ను వదిలితే దానంతట అదే జారాలి. జారకపోతే అక్కడితో ఆపి కొలవండి.

25-06 తో ఈ గొడవ చాలావరకు ఉండదు. 0.257 నుంచి 0.264కి నెక్‌ను 0.007 వెడల్పు చేయడమే పని. గోడ మందమవడానికి బదులు కొంచెం పలచబడుతుంది. 25-06 కూడా 30-06 నుంచి పుట్టిందే. పొడవు అదే 2.494 అంగుళాలు, షోల్డర్ (నెక్ కింద వాలుగా ఉండే భాగం) కోణం అదే పదిహేడున్నర డిగ్రీలు. నెక్ లోపల లూబ్ (జారుడు జిడ్డు) రాసి, నెక్‌ను వెడల్పు చేసే వాలు కడ్డీ, ఎక్స్‌పాండర్‌ను నిదానంగా దించితే ఒక్క దెబ్బలో అయిపోతుంది. పాత షోల్డర్ అంచు కొద్దిగా నెక్‌లోకి వచ్చి అడుగున సన్నని ఉంగరంలా మందం మిగులుతుంది; బుల్లెట్ అడుగు అక్కడిదాకా దిగకుండా సీట్ చేసుకుంటే ఇబ్బంది లేదు. 270 కేస్ కూడా పనికొస్తుంది, కానీ అది 2.540 అంగుళాలు, ట్రిమ్ చేయాలి. 280 రెమింగ్టన్ జోలికి పోకండి. పొరపాటున 270 చాంబర్‌లోకి పోకూడదని దాని షోల్డర్‌ను 0.050 ముందుకు జరిపారు, దాన్ని వెనక్కి తోయడం ఉత్త శ్రమ.

ఎంత వెతికినా 30-06 కేస్‌లే ఉన్నాయంటే రెండు మెట్లలో దిగండి, ముందు 270 డై, తర్వాత 6.5 డై. లూబ్ విషయంలో పిసినారితనం వద్దు. నేను ఒకసారి తొందరలో లూబ్ సరిగ్గా అంటని కేస్‌ను ప్రెస్‌లో పెట్టాను. లివర్ సగంలో బిగుసుకుంది. అక్కడ ఆగాల్సింది, ఆగకుండా ఇంకాస్త నొక్కాను. వెనక్కి లాగితే ఫట్‌మని చప్పుడు, కేస్ అంచు చిరిగి, దాన్ని పట్టుకునే షెల్‌హోల్డర్‌లో ఉండిపోయింది, కేస్ మాత్రం డైలోనే ఇరుక్కుంది. దాని అడుగున రంధ్రం చేసి, మర తీసి, బోల్టు బిగించి లాగేసరికి ఆ సాయంత్రం గడిచిపోయింది. అలాగని షోల్డర్ మీద లూబ్ కారేలా రాసినా తప్పే, సొట్టలు పడతాయి. కేస్ ఒంటికి పలచగా, అన్ని వైపులా, షోల్డర్ మీద దాదాపు ఏమీ లేకుండా.

డైని ఎంత దించాలి అన్నదానికి పుస్తకంలోని కొలత కంటే మీ రైఫిల్ బోల్టే మంచి సమాధానం చెబుతుంది. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసిన ఖాళీ బోల్ట్‌తో చూడండి. డైని కొంచెం కొంచెంగా దించుతూ, బోల్ట్ హ్యాండిల్ వేలికి చిన్న పట్టు తగులుతూ మూసుకునే చోట ఆగండి. అప్పుడు కేస్ చాంబర్‌లో వెనకా ముందూ ఆడదు, మొదటి కాల్పులో సాగదు. ఆ తర్వాతి దఫాల్లో షోల్డర్‌ను 0.002 అంగుళాలు వెనక్కి జరిపితే వేటకు చాలు. ప్రతిసారీ ఎక్కువ వెనక్కి తోస్తే కేస్ అడుగుకు కాస్త పైన ఇత్తడి సాగి సాగి ఒకరోజు అక్కడే తెగుతుంది. పేపర్ క్లిప్‌ను నిటారుగా తీసి, కొనను చిన్న కొక్కెంలా వంచి కేస్ లోపల గోడ మీద గీరండి. అడుగు దగ్గర గాడిలా తగిలితే ఆ కేస్ పారేయండి.

ఎనీలింగ్ (ఇత్తడిని వేడి చేసి మెత్తబరచడం) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని చివర్లో చేసే అలంకారం అనుకుంటారు. తూటా ఇత్తడి అంటే 70 శాతం రాగి, 30 శాతం జింక్. వంచిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డ ఇత్తడి లోపల ఒత్తిడి దాచుకుంటుంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో ఉన్న రోజుల్లో వానాకాలంలో తూటా కేస్‌లు వాటంతట అవే పగిలేవట. గుర్రాల సాలల నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, లోహంలో మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అది. 1921లో దాని కారణం బయటపడింది. అందుకే కుదించిన కేస్‌లను వేడి చేసి నెక్‌ను మెత్తబరచాలి, అమ్మోనియా ఉన్న పాలిష్‌తో ఎప్పుడూ తోమకూడదు. నేను డ్రిల్‌లో సాకెట్ బిగించి, కేస్ తిప్పుతూ, టార్చ్ మంటను నెక్‌కు, షోల్డర్‌కు తగిలిస్తాను. నెక్ లోపల సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే టెంపరేచర్ పెయింట్, కేస్ ఒంటి మీద కిందుగా సుమారు 240 డిగ్రీల పెయింట్ పూస్తాను. పైది కరగాలి, కిందది కరగకూడదు. నెక్ ఎర్రగా మెరిసిందంటే అప్పటికే ఎక్కువైనట్టు. ప్రెషర్ మోసేది కేస్ అడుగు, అది మెత్తబడితే ఆ కేస్ ఇక నమ్మదగింది కాదు. వేడి చేసిన కేస్‌ను వెంటనే నీళ్లలో వేయడం వేడి కిందికి పాకకుండా ఆపడానికే. ఉక్కులా ఇత్తడి చల్లార్చితే గట్టిపడదు.

పౌడర్ కొలత మాత్రం ఎవరు చెప్పినా, నేను చెప్పినా నమ్మకండి. అచ్చయిన మాన్యువల్లోని కనిష్ఠ కొలతతో మొదలుపెట్టి పైకి రండి. ఇంకొకటి, మీ కేస్‌ల అడుగున 25-06 అనే ముద్ర ఉంటుంది. ఎవరూ వాటిని 25-06 తూటాలనుకోకుండా పెట్టె మీద, వీలైతే ప్రతి తూటా మీద మార్కర్‌తో 6.5-06 అని రాయండి.

ఇక స్కోప్. నేను కూడా ఆశపడి పెద్ద జూమ్ ఉన్నదే కొన్నాను. టార్గెట్ మీద అద్భుతంగా ఉండేది. ఒక సాయంత్రం వెలుగు తగ్గుతుండగా ఓ పొద పక్కనుంచి జింక అరవై గజాల లోపే బయటికి వచ్చింది. స్కోప్ 12 మీద ఉండిపోయింది. కంటికి ఆనించాను, గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదు. అది మెడా, పొట్టా, తొడా? రింగ్ తిప్పి 6 మీదికి తెచ్చేసరికి అది వెళ్లిపోయింది. నేను కాల్చలేదు. బుల్లెట్ జంతువుకు ఎక్కడ తగులుతుందో తెలియకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు, ఆ మాట నాకు చాలా ముఖ్యం.

ఆ రోజు నుంచి నేను స్కోప్‌లో చూసేది గరిష్ఠ జూమ్ కాదు, కనిష్ఠ జూమ్. 3x దగ్గర వంద గజాల దూరంలో ముప్పై అడుగుల వెడల్పు కనిపిస్తుంది, 12x దగ్గర పదడుగుల లోపే. రెండోది వెలుగు. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే ఎగ్జిట్ ప్యూపిల్, అంటే కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం, వస్తుంది: 42ని 6తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు. చీకట్లో వయసులో ఉన్నవాళ్ల కంటిపాప సుమారు అంతే విచ్చుకుంటుంది, వయసు పెరిగే కొద్దీ 5కి దగ్గరవుతుంది. మీరు చెప్పిన 50 మిల్లీమీటర్ల అద్దాన్ని 24 దగ్గర చూస్తే 2 మాత్రమే. ట్యూబ్ 30 మిల్లీమీటర్లయితే వెలుగు ఎక్కువ వస్తుందన్న మాట నిజం కాదు. దానివల్ల సర్దుబాటుకు చోటు పెరుగుతుంది, అంతే. మీరు రాసిన దూరాలు 250 గజాల లోపే కాబట్టి 2.5-10x42 లేదా 3-9x40, రెండో ఫోకల్ ప్లేన్ (జూమ్ మార్చినా గీతల మందం మారని రకం), మధ్యలో సన్నగా అంచుల్లో లావుగా ఉండే గీతలు తీసుకోండి. మొదటి ఫోకల్ ప్లేన్‌లో తక్కువ జూమ్ దగ్గర గీతలు సన్నబడి, చీకటి పడే వేళ పొదల్లో కలిసిపోతాయి.

42 అద్దం స్కోప్‌ను బ్యారెల్‌కు దగ్గరగా బిగించవచ్చు, చెంప స్టాక్‌ను వదలదు. 50 పెడితే రింగులు ఎత్తుగా కావాలి, తల పైకెత్తి చూడాల్సి వస్తుంది. మీ స్టాక్ ఇంకా పూర్తి కాలేదన్నారు కదా, గన్‌స్మిత్ దగ్గరికి స్కోప్ తీసుకెళ్లి కోంబ్ (స్టాక్ మీద చెంప ఆనే అంచు) ఎత్తు దానికి సరిపోయేలా చేయించుకోండి. వేటకు వేసుకునే జాకెట్‌తోనే వెళ్లండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తండి, తెరవగానే అద్దం నిండా బొమ్మ కనిపించాలి. ఐ రిలీఫ్ (కంటికీ స్కోప్‌కూ మధ్య ఉండాల్సిన దూరం) మూడున్నర అంగుళాలకు తగ్గితే రీకాయిల్‌కు, అంటే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు, కనుబొమ్మ చిట్లే ప్రమాదం ఉంది.

రీమర్ డ్రాయింగ్ చేతికి వచ్చాక నెక్ వ్యాసం, మీ కేస్ గోడ మందం ఇక్కడ రాయండి. టర్నింగ్ అవసరమా కాదా లెక్క కట్టి చెబుతాను.