మామగారి గురించి మూడు నిమిషాలు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. పన్నెండేళ్ళ క్రితం టెక్సస్ అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. మా మామగారు టెక్సస్ సముద్రతీరానికి చేరువలోని విక్టోరియా దగ్గరి రాంచ్‌లలో (పశువుల క్షేత్రాల్లో) జీవితమంతా కౌబాయ్‌గా పనిచేసి, 91వ ఏట పోయినవారం కన్నుమూశారు. శనివారం సంస్మరణ. "నాన్నకి నువ్వంటే ఇష్టం, ఒక మూడు నిమిషాలు మాట్లాడు" అంది మా ఆడపడుచు. రాసిందల్లా చించేస్తున్నాను. అందరూ "కుటుంబం కోసమే బతికాడు" అంటున్నారు. మావారు (45) మాత్రం రాత్రి "నా ఫుట్‌బాల్ ఆట ఒక్కటి చూడ్డానికి రాలేదు" అన్నారు. ఏడవలేదు. తెల్లారకముందే పశువులకు మేత వేయడానికి వెళ్ళిపోతున్నారు. ఇంటినిండా వంటకాలు, నవ్వులు. ఖాళీ జీనుతో ఆయన గుర్రాన్ని నడిపిస్తారట. ఫోన్లో అమ్మ "మైలలో ఆ విందులేంటే" అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక కోడలు

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూద్దాం, అది తేలిక. తొంభై దాటిన పెద్దాయన పోతే మన ఊళ్ళలోనూ చాలాచోట్ల డప్పులు కొట్టిస్తారు, పూలు చల్లుతారు, పండుటాకు రాలిందనుకుంటారు. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగుపొరుగు అన్నం వండి తెస్తారు. అక్కడివాళ్ళు గాజు పళ్ళాల్లో క్యాసరోల్ అనే వంటకం తెచ్చేదీ అందుకే. ఇక గుర్రం. రికాబుల్లో ఆయన బూట్లు వెనక్కి తిప్పి పెడతారు చూడండి, అది సైన్యం నుంచి వచ్చిన ఆచారం. రౌతు ఇక గుర్రమెక్కడు అని అర్థం. అమ్మగారికి ఇది చెబితే విందు మాట మర్చిపోయి ఆవిడే కళ్ళు తుడుచుకుంటారు.

మీవారి మాట దగ్గరే నేను ఆగిపోయాను. అది అబద్ధం కాదు. మిగతావాళ్ళ మాటా అబద్ధం కాదు. మీ మామగారి ఈడువాళ్ళు ఎలాంటి రోజుల్లో పని నేర్చుకున్నారో ఒకసారి చూడండి. 1950 నుంచి 1957 దాకా టెక్సస్‌లో కరువు. చివరికి వచ్చేసరికి 254 కౌంటీల్లో 244 కరువు ప్రాంతాలే. ఆ దక్షిణపు నేలల్లో గడ్డి లేక, మంట చిమ్మే గొట్టాలతో నాగజెముడు ముళ్ళు కాల్చి ఆ మట్టలే పశువులకు పెట్టేవారు. ఆ కరువు మొదలైనప్పుడు ఆయనకు పదహారు, పదిహేడేళ్ళు ఉంటాయి. కరువు ముగిసిన నాలుగేళ్ళకు, 1961 సెప్టెంబరులో, కార్లా తుఫాను సరిగ్గా ఆ తీరం మీదే పడింది.

వీటికి తోడు పుండులో పడే పురుగు, స్క్రూవార్మ్. ఒక రకం ఈగ పుండు మీద పెట్టే గుడ్ల నుంచి పుడుతుంది. పుట్టిన ప్రతి దూడనూ వెతికి పట్టుకుని, బొడ్డు చూసి మందు రాయాలి. రెండు మూడు రోజులు ఏమరితే పచ్చి మాంసాన్ని తినేసేది. ఆదివారం లేదు, పండగ లేదు, గుర్రమెక్కాల్సిందే. 1962లో టెక్సస్‌లో పిల్లలు పుట్టకుండా చేసిన ఆ ఈగలనే కోట్లకొద్దీ పెంచి విమానాల నుంచి వదలడం మొదలుపెట్టాక ఆ బెడద తగ్గుతూ వచ్చింది. మీవారికి ఊహ తెలిసేనాటికి పురుగు పోయింది. అలవాటు పోలేదంతే. నేను కదలకపోతే ఎక్కడో ఒక దూడ చచ్చిపోతుందనే భయం ఆ మనిషి ఒంట్లో ఉండిపోయి ఉంటుంది.

ఇదంతా మీవారికి చెప్పి ఒప్పించమని కాదు. దయచేసి ఆ పని చేయకండి. శుక్రవారం రాత్రి లైట్ల వెలుగులో ఆడుతూ, స్కోరు చేసినప్పుడల్లా జనంలోకి చూసిన కుర్రాడికి కరువు లెక్కలు చెబితే ఏం లాభం? రేపు తెల్లారి మేత వేయడానికి వెళ్ళేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని మీరూ ట్రక్కెక్కండి. ఏమీ అడగొద్దు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు పక్కపక్కన కూర్చుంటే వస్తాయి, మగవాళ్ళకు మరీను. రాకపోతే కాఫీ తాగి తిరిగి రండి. ఏడవకపోవడం గురించి ఇప్పుడే కంగారు వద్దు. నెలలు గడిచాక కూడా నిద్ర లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, మందు పెరుగుతూ ఉంటే మాత్రం అక్కడి కౌన్సెలర్‌ను కలవండి.

ఇక మీ మూడు నిమిషాలు. ఉత్తరం చివర, పైన మేం వేయని భాగంలో, క్షమాపణ చెబుతున్నట్టు రెండు సంగతులు రాశారు. కొత్త కోడలిగా వెళ్ళిన రోజు ఆయన మిమ్మల్ని పికప్‌లో తీసుకెళ్ళి, మూపురాలున్న బూడిదరంగు పశువులను చూపించి, "మీ ఊళ్ళో వీటినేమంటారు?" అని అడిగారు. మీరు "గిత్త" అన్నారు. అప్పట్నుంచి ఆయన ఒక ఎద్దును "గిట్టా" అని పిలిచేవారు. రెండోది, ఆయన జేబు పుస్తకాలు. ఏ రోజు ఎంత వాన పడిందో, ఏ ఆవు ఈనిందో రాసిన వరుసలోనే మనవలు పుట్టిన తేదీలు కూడా ఉన్నాయన్నారు.

ఇంత చేతిలో పెట్టుకుని పేజీలు చించుతున్నారా తల్లీ!

ఆ మొదటిది మీరు తప్ప ఆ హాల్లో ఇంకెవరూ చెప్పలేరు. ఆయన చూపించిన ఆ మూపురాల పశువులు అమెరికన్ బ్రాహ్మన్ జాతివై ఉంటాయి, ఆ జాతి మన దేశపు పశువుల నుంచే వచ్చింది. గిర్, కాంక్రేజ్‌లతో పాటు మన ఒంగోలు రక్తమూ అందులో ఉంది. బయటి దేశాల్లో ఒంగోలు పశువులను నెల్లూరు పేరుతో పిలుస్తారు కదా, అవే. ఎండకు, గోమార్లకు తట్టుకుంటాయని గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంవాళ్ళు వాటిని పెంచారు, 1924లో పెంపకందార్ల సంఘం కూడా పెట్టుకున్నారు. అంటే మీకంటే ముందే మీ ఊరివి అక్కడ కాపురం పెట్టాయి. ఈ మాటకు నవ్వుతారు. నవ్వనివ్వండి.

"గొప్ప మనిషి", "త్యాగమూర్తి" వద్దు, అవి మిగతావాళ్ళు చెబుతారు. ఆటల సంగతి కూడా మీ నోట రాకూడదు. అది మీవారిది, చెప్పాలో వద్దో ఆయనిష్టం. పికప్ ప్రయాణం చెప్పండి, జేబు పుస్తకంలో ఒక పేజీ చదవండి: ఇంత వాన, ఫలానా ఆవుకు పెయ్యదూడ, మీ పాప పుట్టింది. చదివి కాసేపు ఊరుకోండి.

మీవారి ఆటల రోజులనాటి పుస్తకాలు కూడా ఉంటే ముందు మీరొక్కరే తిరగేయండి. స్కోరు ఎక్కడో రాసి ఉండొచ్చు, అసలేమీ లేకపోనూవచ్చు. ఏదో దొరుకుతుందని ఆశ పెట్టి ఆయన చేతికి మాత్రం ఇవ్వకండి.

గొంతు పూడుకుపోతే కాగితం ఆడపడుచు చేతికిచ్చి పక్కన నిలబడండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ "గిత్త" దగ్గరికి వచ్చేసరికి మీరే అందుకోండి. ఆయన పలికినట్టే, "గిట్టా" అని.