కప్పు కాలింది, పాలు కాగలేదు

ప్రశ్న: కొత్తగా కన్వెక్షన్ కూడా ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ కొన్నాం. పాత పింగాణీ కప్పులో పాలు పెడితే కప్పు పట్టుకోలేనంత కాలింది, పాలు మాత్రం గోరువెచ్చగానే ఉన్నాయి. బంగారు అంచున్న గిన్నెలు, మెలమైన్ ప్లేట్లు, ప్లాస్టిక్ డబ్బాలు కూడా ఉన్నాయి. ఏవి వాడొచ్చు? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ కప్పును వంటింట్లోంచి తీసేయండి. పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

మైక్రోవేవ్ తరంగాలు ముఖ్యంగా పదార్థంలోని నీటిని వేడి చేస్తాయి. గాజు, మంచి పింగాణీ వాటిని తమలోంచి పోనిస్తాయి. ముందు పదార్థం కాగాలి, ఆ వేడి తర్వాత గిన్నెకు పాకాలి. మీ కప్పులో వరస తిరగబడింది. దాన్ని వెలుతురులో తిప్పి చూడండి, గ్లేజు (పైనున్న గాజులాంటి నున్నటి పూత) మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉండొచ్చు. అడుగున గ్లేజు పట్టని గరుకు అంచు ఎలాగూ ఉంటుంది. కడిగినప్పుడల్లా తడి అక్కణ్ణుంచే లోపలికి ఇంకుతుంది, ఓవెన్‌లో ఆ తడే వేడెక్కుతుంది. కొన్ని రకాల గ్లేజులైతే తడి లేకపోయినా తరంగాలను పీల్చుకుంటాయి.

మిగతా పింగాణీని మీరే పరీక్షించుకోవచ్చు. ఖాళీ గిన్నె పెట్టి, పక్కనే గాజు గ్లాసులో నీళ్లు పెట్టి, ఫుల్ పవర్‌లో 1 నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే వాడుకోండి. నీళ్ల గ్లాసు మాత్రం మరవొద్దు, ఖాళీగా తిప్పితే ఓవెనే పాడవుతుంది. బంగారు అంచు గిన్నెలకు ఈ పరీక్ష కూడా వద్దు, ఆ సన్నటి లోహపు గీత దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి.

మెలమైన్ ప్లేట్లు చూడ్డానికి పింగాణీలా ఉన్నా అవి ప్లాస్టిక్కే. వడ్డనకు బాగుంటాయి, ఓవెన్‌లోకి వద్దు. వేడికి పులుపు తోడైతే మెలమైన్ తిండిలోకి దిగుతుంది.

ఇక డబ్బాలు. అడుగున త్రిభుజంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందే గానీ, ఓవెన్‌లో పెట్టమని చెప్పదు. అలల గీతల గుర్తో, మైక్రోవేవ్ సేఫ్ అన్న మాటో విడిగా ఉండాలి. ఉన్నా సరే, నూనె తేలే పదార్థం అందులో వేడి చేయకండి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, నూనె ఆ హద్దు దాటిపోతుంది. ఈ ప్లాస్టిక్ 160 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. పాత డబ్బాల్లో నూనె తేలినంత మేర గోడ గరుకుగా, గుంటలు పడి ఉంటుందే, అది ఆ నూనె వేడి పనే. నా మటుకు నేను ప్లాస్టిక్‌ను దాచుకోవడానికే వాడతాను. వేడి చేసేది గాజులోనే.

మీది కన్వెక్షన్ కూడా ఉన్నదంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఆ మోడ్‌లో 180, 200 డిగ్రీల వేడిగాలి తిరుగుతుంది. అక్కడ మైక్రోవేవ్ సేఫ్ గుర్తు చెల్లదు, ప్లాస్టిక్ మూత కూడా ఉండకూడదు. లోహపు గిన్నెలు పనికొచ్చేది అక్కడే. రెండూ కలిపి నడిచే కాంబినేషన్ మోడ్‌లో లోహం పెట్టాలంటే మాత్రం మాన్యువల్ చూశాకే. బోరోసిలికేట్ గాజు (వేడికి తట్టుకునే రకం గాజు) గిన్నె అన్ని మోడ్‌లకూ సరిపోతుంది, కాకపోతే బయటికి తీయగానే తడి గట్టు మీద పెట్టకండి.