నిజమే రాశాను, గీబత్ ఎలా అవుతుంది?

ప్రశ్న: ఇంటి పనికి 60 వేలు అడ్వాన్సు తీసుకుని మేస్త్రీ ముఖం చాటేశాడు. పేరు, ఫొటోతో ఫేస్‌బుక్‌లో పెట్టి ‘మోసగాడు, తాగుబోతు’ అని రాశాను. అది గీబత్ (చాటున ఒకరి చెడు చెప్పుకోవడం), తీసేయమంటున్నారు మస్జిద్ పెద్దలు. ఉన్నమాట రాసే స్వేచ్ఛ కూడా లేదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉన్నమాట కాబట్టే గీబత్. లేనిది అంటగడితే అది బుహ్తాన్, అంటే అభాండం. ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసు (ప్రవక్త ప్రవచనాల) గ్రంథంలో దైవప్రవక్త (సఅసం) ఈ రెంటినీ ఇలాగే విడదీశారు.

అలాగని పెద్దలు చెప్పింది పూర్తిగా సరి కాదు. చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, అన్యాయానికి గురైనవాణ్ణి మినహాయించింది ఖుర్ఆన్‌లోని సూరా (అధ్యాయం) నిసా 148వ ఆయతు (వాక్యం). హదీసు పండితుడు ఇమామ్ నవవీ తన ‘రియాజుస్సాలిహీన్’ గ్రంథంలో గీబత్‌కు ఆరు మినహాయింపులు చెప్పారు. న్యాయం చేయగలవారికి ఫిర్యాదు చేయడం, ఇతరులను హెచ్చరించడం వాటిలో ఉన్నాయి. ప్రవక్త కాలపు మహిళ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకొచ్చిన పెళ్లి సంబంధాల గురించి అడిగితే, ముఆవియా దగ్గర డబ్బు లేదనీ, అబూ జహ్మ్ భుజం మీంచి కర్ర దించడనీ (అంటే భార్యలను కొడతాడనీ) ప్రవక్త (సఅసం) సూటిగానే చెప్పారు. అయితే అడిగిన మనిషికి, ఆ అవసరానికి ఎంత కావాలో అంతే.

మీ పోస్టులో అడ్వాన్సు సంగతి, తేదీ, రసీదు ఉండొచ్చు. ‘తాగుబోతు’కూ మీ డబ్బుకూ సంబంధం లేదు, తీసేయండి. ‘మోసగాడు’ అనేది మీ తీర్పు. ‘డబ్బు తీసుకుని పని చేయలేదు’ అని జరిగింది రాస్తే చాలు. ఫొటో కూడా అనవసరం. కింద కామెంట్లూ చూడండి. అతని ఇంటి ఆడవారి శీలం మీద ఎవరైనా రాస్తే అది ఖజఫ్ – సూరా నూర్ 4 ప్రకారం నలుగురు సాక్షులను తేలేనివాడికి 80 కొరడా దెబ్బలు, ఆపై అతని సాక్ష్యం చెల్లదు. ఆ శిక్ష వేసే అధికారం ఇస్లామీ న్యాయస్థానానిదే, మన దేశంలో అమలు కాదు. పాపం మాత్రం ఎక్కడైనా పాపమే. అలాంటివి మీ గోడ మీద ఉంచకండి.

ఇక్కడి చట్టమూ దాదాపు ఇదే మాట అంటుంది. భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కేసులో నిజమైతే చాలదు, ప్రజాహితం కూడా చూపాలి.

తీసేసిన మాటలకు తౌబా (దేవుని ముందు పశ్చాత్తాపం) చేసుకుంటే సరిపోదు, ఇది తోటిమనిషి హక్కు. ఆ మాటలకు అతణ్ణి క్షమాపణ అడగండి, పోస్టు పెట్టినచోటే సవరణ రాయండి. డబ్బు మాత్రం వదులుకోనక్కర్లేదు. ముందు నోటీసు పంపండి. కదలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల దాకా ఫీజు లేదు. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.