సెక్షన్ 8 వోచర్‌తో సొంతిల్లు: పదహారో ఏటి లెక్క ఇప్పుడే వేసుకోండి

ప్రశ్న: నేను అమెరికా పౌరురాలిని, ఇద్దరు పిల్లల తల్లిని. ఏడాదిగా సెక్షన్ 8 వోచర్‌తో (తక్కువ ఆదాయం వారి అద్దెలో కొంత ప్రభుత్వం భరించే సాయం) అద్దె ఇంట్లో ఉంటున్నాం. డెంటల్ ఆఫీసులో వారానికి 32 గంటల పని, ఏడాదికి 36,000 డాలర్లు వస్తాయి. ఎనిమిది నెలల కిందట ఉద్యోగం మారాను, మధ్యలో నెలన్నర ఖాళీ ఉంది. విడాకులప్పుడు, రెండున్నరేళ్ల కిందట, ఇద్దరి పేరుతో ఉన్న ఇల్లు అమ్మేశాం. నా దగ్గర 7,000 డాలర్లున్నాయి, అన్నయ్య 5,000 ఇస్తానంటున్నాడు. గుంటూరులో నాన్నగారి ఇంట్లో నాకు వాటా ఉంది. ఈ వోచర్‌తో ఇల్లు కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు, కానీ మీ హౌసింగ్ అథారిటీ (వోచర్ ఇచ్చే స్థానిక ప్రభుత్వ సంస్థ) ఆ పథకం నడుపుతుంటేనే. వోచర్‌తో ఇల్లు కొనే వీలు కల్పించాలా వద్దా అన్నది ప్రతి అథారిటీ ఇష్టం, చాలాచోట్ల లేదు. ముందు మీ కేస్ వర్కర్‌ని ఆ ఒక్క ప్రశ్న అడగండి. లేదంటే, పథకం ఉండి కొత్తవాళ్లను తీసుకుంటున్న మరో అథారిటీ పరిధికి వోచర్ మార్చుకునే దారి ఉంది.

మొదటిసారి కొంటున్నవారై ఉండాలి, అంటే గత మూడేళ్లలో కుటుంబంలో ఎవరికీ తాము ఉండే ఇంటిమీద హక్కు ఉండకూడదు. మీరు అమ్మి రెండున్నరేళ్లే అయింది కదా అని దిగులు పడకండి. పెళ్లయి ఉన్నప్పుడు భర్తతో కలిసి ఇల్లున్న ఒంటరి తల్లిని మొదటిసారి కొంటున్నవారిగానే లెక్కిస్తారు. విడాకుల డిక్రీ, ఇల్లు అమ్మిన కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ఆదాయం విషయంలో ఇబ్బంది లేదు. కేంద్ర నిబంధన అడిగే కనీసం 14,500 డాలర్లు, అంటే గంటకు 7.25 చొప్పున 2,000 గంటలు. కొన్ని అథారిటీలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. చిక్కంతా ఆ నెలన్నర ఖాళీ దగ్గరే. వారానికి సగటున 30 గంటలు, గత ఏడాదంతా ఆగకుండా పని చేసి ఉండాలని నియమం. మధ్యలో ఖాళీ వస్తే దాన్ని మన్నించాలా వద్దా అన్నది అథారిటీ చేతిలో ఉంది. మన్నించకపోతే మరో నాలుగు నెలలు ఆగితే సరిపోతుంది, దరఖాస్తు పాడు చేసుకోవద్దు. ఈలోపు హడ్ (అమెరికా కేంద్ర గృహ వసతి శాఖ) ధ్రువీకరించిన కౌన్సెలర్ దగ్గర శిక్షణ పూర్తి చేయండి. అది ఎలాగూ తప్పనిసరి.

ఇక డబ్బు. వోచర్‌ని డౌన్ పేమెంట్ అనుకుని చాలామంది పొరపడతారు. అది నెలనెలా వచ్చే సాయం మాత్రమే. 1,96,000 డాలర్ల ఇల్లు, 6,000 డౌన్ పేమెంట్, 1,90,000 అప్పు, 6.5 శాతం వడ్డీ, 30 ఏళ్లు అనుకుందాం. కిస్తీ 1,201. పన్ను 350, బీమా 120, మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (అప్పు తీరకపోతే అప్పిచ్చినవారికి రక్షణగా కట్టే బీమా) 90, కరెంటు, నీళ్ల వగైరాకి అథారిటీ లెక్కగట్టే భత్యం 200, నిర్వహణకి 60, పెద్ద మరమ్మతులకి 60. మొత్తం 2,081. మినహాయింపులు పోగా మీ నెల ఆదాయం 2,800 అయితే అందులో 30 శాతం, 840, మీ వాటా. మీ కుటుంబానికి పేమెంట్ స్టాండర్డ్ (సాయం కోసం అథారిటీ లెక్కలోకి తీసుకునే గరిష్ఠ నెల ఖర్చు) 2,000 అనుకుంటే, 2,000, 2,081 రెండింటిలో తక్కువదాని నుంచి 840 తీసేస్తారు. చేతికి వచ్చేది 1,160. స్టాండర్డ్ దాటిన ఆ 81 కూడా మీదే, కాబట్టి మీ జేబులోంచి 921. అందుకే 2,000 లోపు పడే ఇల్లు చూడండి. నిర్వహణ, మరమ్మతుల 120కి బిల్లు రాదు. ఆ డబ్బు విడి ఖాతాలో వేయకపోతే హీటర్ చెడిన నెల కిస్తీ ఆగుతుంది.

ఈ సాయం జీవితాంతం రాదు. 20 ఏళ్లు లేదా అంతకు మించిన అప్పుకి 15 ఏళ్లు, అంతకంటే తక్కువ గడువు అప్పుకి 10 ఏళ్లే (వృద్ధులకు, వికలాంగులకు ఈ పరిమితి లేదు). త్వరగా తీర్చేద్దామని 15 ఏళ్ల అప్పు తీసుకుంటే ఐదేళ్ల సాయం పోయినట్టే. పై లెక్కలో 15 ఏళ్లయ్యాక ఇంకా 1,38,000 దాకా బాకీ ఉంటుంది, నెల ఖర్చు పూర్తిగా మీ మీద పడుతుంది. జీతం పెరిగిన ప్రతిసారీ నెలకు 100 డాలర్లు అసలుకు అదనంగా కట్టగలిగితే మేలు. మొదటి నెల నుంచే నెలకు 100 చొప్పున కడితే ఆ బాకీ 30,000 తగ్గుతుంది. జీతం బాగా పెరిగి సాయం సున్నా అయితే, చివరి చెల్లింపు తర్వాత 180 రోజులకి పథకంలోంచి పేరు పోతుంది.

మీ 12,000లో 6,000 డౌన్ పేమెంట్‌కి పోతే మిగిలేది క్లోజింగ్ ఖర్చులకి (కొనుగోలు పూర్తిచేసేటప్పటి ఫీజులు) బొటాబొటి. చాలా అథారిటీలు 3 శాతం డౌన్ పేమెంట్, అందులో కనీసం 1 శాతం సొంత డబ్బు అడుగుతాయి. అన్నయ్య డబ్బుకి గిఫ్ట్ లెటర్ (తిరిగి ఇవ్వక్కర్లేని కానుక అని తెలిపే లేఖ) రాయించండి, బ్యాంకు ద్వారానే తెప్పించండి. తొందర లేకపోతే ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ పథకంలో చేరండి. జీతం పెరిగి మీ అద్దె వాటా పెరిగినప్పుడు ఆ పెరుగుదల మేరకు మీ పేరున ఎస్క్రో ఖాతాలో (మీ కోసం అథారిటీ దాచే పొదుపు) జమ అవుతుంది. ఒప్పందం మామూలుగా ఐదేళ్లు.

అప్పిచ్చే సంస్థని ముందే ఒకటి అడగండి: వోచర్ మొత్తాన్ని ఆదాయంలో కలుపుతారా, కిస్తీలోంచి తీసేస్తారా? దాన్నిబట్టి మీకొచ్చే అప్పు మారుతుంది.

ఇంటికి రెండు తనిఖీలుంటాయి. ఒకటి అథారిటీది. రెండోది మీరు ఫీజు కట్టి పెట్టుకునే ఇన్‌స్పెక్టర్‌ది: పునాది, పైకప్పు, ప్లంబింగ్, వైరింగ్, హీటింగ్ అన్నీ చూడాలి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో పెచ్చులూడే రంగు దగ్గరే చాలా బేరాలు ఆగుతాయి, సీసం భయం వల్ల. కొనుగోలు ఒప్పందంలో రెండు షరతులు రాయించండి: తనిఖీలో మీకు తృప్తి కలగకపోతే కొననక్కర్లేదు, మరమ్మతుల ఖర్చు మీరు భరించనక్కర్లేదు. ఇవి లేని ఒప్పందాన్ని అథారిటీ ఒప్పుకోదు. కిస్తీలు తప్పి ఇల్లు జప్తయితే ఇంటి కొనుగోలు సాయం కూడా ఆగిపోతుందని, మళ్లీ అద్దెకి వోచర్ ఇవ్వాలా వద్దా అన్నది అథారిటీ చేతిలో ఉంటుందని గుర్తుంచుకోండి.

గుంటూరు వాటా సంగతి దాచవద్దు. మీరెవరూ ఆ ఇంట్లో ఉండటం లేదు కాబట్టి మొదటి ఇల్లు నియమానికి అడ్డు రాకపోవచ్చు, కానీ ఆస్తుల లెక్కలోకి రావచ్చు. వాటా ఎంత, మీరొక్కరే అమ్మగలరా, పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి అన్నవి రాసి ఇచ్చి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.