మెక్‌గ్రోరీ రేటింగ్: తప్పంతా జంపింగ్ రీచ్‌లోనే ఉంది

బ్రో, నువ్వు ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లో పాతకాలపు సెల్టిక్ (స్కాట్లాండ్ క్లబ్) స్ట్రైకర్ జిమ్మీ మెక్‌గ్రోరీకి హెడింగ్ 20కి 20 ఇచ్చి కూడా సీజన్ మొత్తం ఒక్క హెడర్ గోల్ పడట్లేదన్నావ్ కదా, దానికి కారణం జంపింగ్ రీచ్ (ఎగిరి తలతో అందుకోగల ఎత్తు) 8 పెట్టడమే. హైట్ చూసి పెట్టినట్టున్నావ్, ఐదడుగుల ఆరంగుళాలే కదా అని. కానీ హెడింగ్ అంటే బంతి తలకి తగిలాక ఎంత బాగా కొడతాడో అంతే, అసలు బంతి దాకా ఎగరలేకపోతే 20 ఉండి ఏం లాభం చెప్పు. ఆయన పేరే హెడర్లతో వచ్చింది, అదీ తడిస్తే రాయిలా బరువెక్కే తోలు బంతితో. కాబట్టి జంపింగ్ రీచ్ 15, బ్రేవరీ 20, ఆఫ్ ద బాల్ (బంతి తన దగ్గర లేనప్పుడు సరైన చోటికి కదలడం) 19 పెట్టి చూడు.

స్కాట్లాండ్‌కి ఆడింది 7 మ్యాచ్‌లేగా అని ఎబిలిటీ తగ్గించావ్ చూడు, అది మాత్రం అన్యాయం. అప్పట్లో స్కాట్లాండ్ టీమ్‌లో అదే స్థానానికి హ్యూయీ గాలఖర్ ఉండేవాడు మరి. మెక్‌గ్రోరీ ఆడిన ఆ 7లోనే 6 గోల్స్ కొట్టాడు, 1928 జనవరిలో సెల్టిక్ తరఫున డన్‌ఫర్మ్‌లిన్ క్లబ్ మీదైతే ఒక్క మ్యాచ్‌లో 8. అయితే 1925లో ఆఫ్‌సైడ్ రూల్ (డిఫెండర్లని దాటి ముందే గోల్ దగ్గర కాచుకోకుండా ఆపేది) సడలించాక గోల్స్ అందరికీ పెరిగాయి, అందుకని ఫినిషింగ్ 18 చాలు అంటాను. ఇంకోటి, లాయల్టీ 20 మర్చిపోకు, ఇంగ్లాండ్ క్లబ్ ఆర్సెనల్ పిలిచినా సెల్టిక్‌ని వదల్లేదు ఆయన.